ముందు లెక్క రాయించండి, అభిప్రాయం తర్వాత

పర్లాకిమిడి, బరంపురం, గుణుపూర్, జయపురం. దక్షిణ ఒడిశాలో తెలుగువాళ్లుండే ఈ ఊళ్ల డిగ్రీ కాలేజీల్లో భాషా పేపరు తెలుగైనా, ఒడియా అయినా, ఇంగ్లీషైనా ఒక వ్యాసం మాత్రం తప్పదు: ‘సమాజంలో స్త్రీ పాత్ర’. జవాబు ఎలా ఉంటుందో కాగితం తిప్పకుండానే చెప్పేయొచ్చు. సంస్కృత శ్లోకంతో మొదలవుతుంది. ఝాన్సీ లక్ష్మీబాయి, ఇందిరా గాంధీ, కల్పనా చావ్లా వరసగా వచ్చి నిలబడతారు, 2022 తర్వాత ద్రౌపదీ ముర్ము కూడా చేరారు. చివర్లో బండికి రెండు చక్రాలు. పదికి ఏడు మార్కులు పడతాయి. ఆ వ్యాసం రాసిన అమ్మాయి సాయంత్రం ఇంటికెళ్లి అన్నయ్య తిని వదిలేసిన కంచం తీస్తుంది. ఆ కంచం వ్యాసంలోకి ఎక్కడా రాదు. రాకపోవడం ఆ అమ్మాయి తప్పు కాదు, అడిగిన ప్రశ్నకి కంచంతో పనే లేదు.

ఆడవాళ్ల పని, మగవాళ్ల పని, ఎవరి నుంచి ఇల్లు ఏం ఆశిస్తుంది అన్న విషయాన్ని రచనా తరగతిలోకి తేవాలంటే అభిప్రాయం అడగడంతో మొదలుపెట్టకూడదని నా వాదన. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని అభిప్రాయం అడిగితే పెద్దలకి నచ్చే మాట చెబుతారు, లేదా పక్క బెంచీవాళ్లని నవ్వించే మాట చెబుతారు. రెండూ రచన కావు. ముందు ఒక రోజు లెక్క రాయించాలి. అందులోంచి ఒక ప్రశ్న పుట్టాలి. వాదన దాని తర్వాత సంగతి.

రోజు లెక్కకి పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా చేసిన కాల వినియోగ సర్వేలో వాడిన పద్ధతే చాలు. తెల్లవారుజాము 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా అరగంటకొక గడి, మొత్తం 48 గడులు. ఒక ఏ-ఫోర్ కాగితం అటు ఇటు పడుతుంది. ఐదు నిలువు వరసలు గీయించండి: సమయం, చేసిన పని, ఎక్కడ, ఎవరి కోసం, ఎవరు చెబితే. చివరి వరస సర్వేలో లేదు, మనం కలుపుకునేది. సగం వ్యాసాలు దాంట్లోంచే వస్తాయి. ఒక్కొక్కరూ రెండు కాగితాలు నింపాలి. ఒకటి తనది, రెండోది ఇంట్లో ఇంకొకరిది, వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే. ఒక పనిరోజు, ఒక ఆదివారం.

మొదటి విడత కాగితాలు దాదాపు అన్నీ పనికిరాకుండా వస్తాయి. దానికి సిద్ధపడే ఉండాలి. అమ్మ కాగితంలో ఉదయం 5 నుంచి 10 దాకా పది గడులకి ఒకటే బ్రాకెట్, పక్కన ‘ఇంటి పని’. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ‘ఖాళీ’. కాగితమంతా ఒకే పెన్ను, ఒకే వాలు రాత, గడి దాటని అంకెలు. అంటే ముందురోజు రాత్రి మంచం మీద కూర్చుని ఊహించి రాసిందన్నమాట. తిట్టి లాభం లేదు. ‘ఇంటి పని’ అన్న మాటని తరగతిలో నిషేధించి, దాని బదులు క్రియలు రాయమనండి. నీళ్లు పట్టింది. చీపురు పట్టింది. బియ్యం ఏరింది. పప్పు నానేసింది. అంట్లు తోమింది. తోమిన అంట్లు బోర్లించింది. టిఫిన్ డబ్బా కట్టింది. డబ్బా మూత వెతికింది. ఈ చివరిది చూసి తరగతి నవ్వుతుంది, నవ్వనివ్వండి. మూత వెతకడం రోజూ ఎవరి వంతో కాసేపటికి వాళ్లకే తోస్తుంది.

‘ఖాళీ’ గడి దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మునిసిపల్ కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో రెండు గంటలు ‘ఖాళీగా’ గుమ్మంలో కూర్చున్న మనిషి నిజానికి కొళాయికి కాపలా ఉంది. ఆ రెండు గంటలూ బజారుకి వెళ్లలేదు, నిద్రపోలేదు. చేతులు కదలకపోయినా మనిషి పనిలోనే ఉంది. బరంపురం పట్టు నేసే వీధుల్లో ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. మగ్గం మీద కూర్చున్నాయన పని ‘నేత’ అని కాగితంలో పడుతుంది. పక్కన రాట్నం తిప్పి కండెలు చుట్టే ఆమె గడిలో ‘టీవీ చూసింది’ అని పడుతుంది, ఆ గదిలో టీవీ నడుస్తోంది గనక. ఒకే అరగంటలో రెండు మూడు పనులు జరిగితే, ఒక్కోటి పది నిమిషాలకు తగ్గకపోతే, అన్నీ రాయమంటుంది సర్వే పద్ధతి, మూడింటి దాకా. ఈ నియమం ముందే చెప్పకపోతే కండెలు ఎవరి కాగితంలోనూ కనిపించవు. చీర ఖరీదులో వాటి కూలి ఎక్కడుందన్న ప్రశ్నా పుట్టదు.

మగపిల్లల కాగితాల్లో దాక్కునే పనులు వేరు. గ్యాస్ బండ మోసుకొచ్చాడు. చెల్లిని బండి మీద ట్యూషన్‌లో దింపి, మళ్లీ వెళ్లి తీసుకొచ్చాడు. తాతని ఆసుపత్రికి తీసుకెళ్లి చీటీ లైన్లో నిలబడ్డాడు. నాన్న భోజనానికి వెళితే కొట్లో కూర్చున్నాడు. అడిగితే ‘అదేం పని మాస్టారూ’ అంటారు. ఇవి రాయించకపోతే రెండు నష్టాలు. లెక్క తప్పవుతుంది. పైగా ఈ తరగతి తమని బోనులో నిలబెట్టడానికేనని మగపిల్లలు తీర్మానించుకుంటారు, ఆ తర్వాత నోరు మెదపరు. ఈ అంశం మీద పాఠాలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

జాతీయ లెక్క వాళ్ల ముందు పెట్టాల్సింది సొంత లెక్కలయ్యాకే. 2019 సర్వేలో ఇంటి చాకిరీకి ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అని ఉంది. పత్రికల్లో వచ్చినదీ, పిల్లలు ఎత్తి రాసినదీ ఈ రెండంకెలే. ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సగటు, ఆరోజు ఆ పని అసలు చేసినవాళ్లలో మాత్రమే. చేసినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. అంటే మగవాళ్లలో నలుగురికి ముగ్గురు ఆరోజు ఆ పని ముట్టుకోలేదు. అందరికీ పంచి చూస్తే మగవాళ్ల వాటా దాదాపు 25 నిమిషాలకి పడిపోతుంది, ఆడవాళ్లది 243 దగ్గర నిలుస్తుంది. బోర్డు మీద ఈ గుణకారం పిల్లల చేతే చేయించాలి. ‘సగటు’ అన్న మాట కనపడగానే ఎవరి సగటు అని అడిగే అలవాటు రావాలంటే ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

లెక్క చేతిలో ఉన్నాక వ్యాసానికి ప్రశ్న కావాలి. ‘స్త్రీలకు సమానత్వం ఎందుకు లేదు?’ అని ఎవరైనా రాస్తే వెనక్కి ఇచ్చేయండి. ‘మా ఇంట్లో బజారు నుంచి బియ్యం తెచ్చేది అన్నయ్య, ఏరేది చెల్లి. మోసినవాడు ఏరకూడదని ఎవరన్నారు?’ అంటే అది ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే అమ్మని అడగాలి, అన్నయ్యని అడగాలి, చెల్లి ఎప్పట్నుంచి ఏరుతోందో తెలుసుకోవాలి. మూడు పేజీలకి సరిపడా సరుకు అందులోనే ఉంది.

ఇక భాష. మన సరిహద్దు పిల్లలకి ఇక్కడో ప్రత్యేక ఇబ్బంది, ఒక ప్రత్యేక లాభం ఉన్నాయి. ఇంట్లో మాట తెలుగు, బడి చదువు ఒడియా, పరీక్ష చాలాసార్లు ఇంగ్లీషు. వంటింటి మాటలన్నీ తెలుగులో, హక్కుల మాటలన్నీ ఇంకో భాషలో ఉంటాయి. ఒకే వాక్యంలో రెండూ కలవవు గనకే వ్యాసం ఉపన్యాసమవుతుంది. అందుకని చిత్తుప్రతి ఇంటి తెలుగులోనే ఉండాలి. తెలుగు లిపి రానివాళ్లు ఒడియా లిపిలో తెలుగు రాసినా పర్వాలేదు. పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు నోట పలికే భాషే రాయాలని పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేసి, మర్నాడు పిల్ల రాసిన ‘అంట్లు’ కొట్టేసి ‘పాత్రలు’ అని దిద్దేవాళ్లకి ఏం చెప్పాలి?

చిత్తుప్రతి చేతికొచ్చాక ఒక పని చేయించండి. ఇంట్లో ప్రతి మనిషికీ వాడిన క్రియ కింద గీత గీయమనండి. ‘నాన్న వచ్చారు’, ‘అమ్మ వచ్చింది’, ‘తమ్ముడు వచ్చాడు’. అమ్మ వచ్చిన తీరులోనే బస్సూ వచ్చింది. అది చూసి ఒక అమ్మాయి అన్యాయమంటుంది. ఇంకో అబ్బాయి అమ్మతో ఉన్న చనువు నాన్నతో లేదని, ఆ ‘రు’ గౌరవం కాదు భయమని అంటాడు. రెండూ నిలబడే వాదనలే, మాస్టారు తీర్పు చెప్పకూడదు. అవే వాక్యాలు ఒడియాలో కూడా రాయించండి. ఒడియా క్రియలో ఆడా మగా భేదం లేదు, గౌరవ భేదం మాత్రం ఉంది. అక్కడ ఆ గౌరవం తాము ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఇవ్వలేదో పిల్లలే చూసుకుంటారు. ఈ పోలిక మన పిల్లలు చేసినంత సులువుగా గుంటూరులోనో కటక్‌లోనో పిల్లలు చేయలేరు.

చదివించడానికి పాఠం కావాలంటే ఎక్కడెక్కడికో పోనక్కర్లేదు. మార్గశిర లక్ష్మివారాల పూజ మనకీ ఉంది, ఒడియా ఇళ్లలోనూ ఉంది. ఆ గురువారాల్లో ఒడియా ఇళ్లలో చదివే, ఒడియా కవి బలరామ దాసు రాసిన లక్ష్మీ పురాణం పక్కింటి గోడ మీంచి మన పిల్లల చెవినా పడుతూనే ఉంటుంది. లక్ష్మి శ్రియ అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్లిందని బలభద్రుడికి కోపం వస్తుంది, తమ్ముడు జగన్నాథుడి చేత ఆమెని పూరీ గుడి నుంచి పంపించేస్తాడు. ఆమె వెళ్లాక అన్నదమ్ములిద్దరికీ పిడికెడు మెతుకులు దొరకవు. వండుకోబోయినా కుదరదు. చివరికి ఆమె ఇంటి ముందే అన్నం కోసం నిలబడతారు. పిల్లలకి వదిలేస్తే ఈ కథని సంగ్రహంగా రాసి, ఆడదాని విలువ తెలిసిందని ముగిస్తారు. వాళ్లని అడగాల్సింది వేరు. తిరిగి రావడానికి లక్ష్మి పెట్టిన షరతు ఏమిటి? మహాప్రసాదం దగ్గర కులభేదం ఉండకూడదు, బ్రాహ్మడైనా చండాలుడైనా ఒకరి చేతిది ఒకరు తినాలి అని. దాదాపు ఐదు శతాబ్దాల కిందట అది చిన్న మాట కాదు. మరి మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించారు? వంట చేతకాక ఆకలితో అల్లాడిన ఇద్దరూ వంట నేర్చుకోవాలని షరతు ఎందుకు లేదు? కులం గీత చెరిపిన కథ వంటింటి గీత జోలికి ఎందుకు పోలేదు? దీనిమీద వచ్చినన్ని రకాల జవాబులు ‘స్త్రీ పాత్ర’ మీద ఎన్నడూ రావు.

బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర కూడా ఇలాంటి వనరే. అమ్మవారు దేశిబెహరా వీధిలోని పుట్టింటికి కూతురిగా వస్తుంది, పండగయ్యాక అత్తింటికి వెళ్లిపోతుంది. ఘటాలు ఎవరు మోస్తారు, వేషాలు ఎవరు కడతారు, చందా పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది అని మూడు వరసల పట్టిక గీస్తే చాలు. అన్ని వ్యాసాలూ ఇంటి గుట్టు విప్పాల్సిన అవసరం లేదు, వీధి కూడా రాసుకోవచ్చు.

గంజాం జిల్లా పిల్లలకి ఇంకో అంశం ఉంది. నాన్నలు, అన్నలు సూరత్ పవర్‌లూమ్‌లలో ఉంటారు. ఊళ్లో పాలు, బ్యాంకు, బడి ఫీజు, పంచాయతీ ఆఫీసు, పొలం కౌలు అన్నీ అమ్మే చూస్తుంది. మరి పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి సూరత్‌కి ఫోన్ వెళుతుందా, వెళ్లదా? ఏ నిర్ణయాలకి ఫోన్ వెళుతుందో, ఏవి ఇక్కడే తేలిపోతాయో ఒక నెల రాసి చూడమనండి. అటు సూరత్ గదిలో తన బట్టలు తానే ఉతుక్కునే మనిషి సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఉతుకుతాడో లేదో కూడా అడిగి రాయమనండి.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకి ఇచ్చే సుభద్ర పథకం డబ్బు ఇంటర్వ్యూ నేర్పడానికి బాగా పనికొస్తుంది. 2024 సెప్టెంబర్‌లో మొదలైన ఈ పథకంలో 21 నుంచి 60 ఏళ్ల అర్హులైన ఆడవాళ్లకి ఏడాదికి 10,000 రూపాయల చొప్పున ఐదేళ్లు వస్తుంది. ఏడాదికి రెండు విడతలు, ఒక్కోటి 5,000. ‘ఆ డబ్బు మీరే ఖర్చు పెట్టుకున్నారా అత్తా?’ అని అడిగితే ‘ఆ, నేనే’ అంటుంది, అక్కడితో ఇంటర్వ్యూ అయిపోతుంది. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నతో వచ్చే తంటా ఇదే. డబ్బు పడ్డట్టు మెసేజ్ ఎవరి ఫోనుకి వచ్చింది? తీయడానికి ఎవరు వెళ్లారు? దాంతో మొదట కొన్నదేంటి? కొనేముందు ఎవర్ని అడిగారు? ఈ నాలుగూ ఇదే వరసలో అడిగితే మాట దానంతటదే సాగుతుంది. మగవాళ్లు గదిలో ఉండగా అడిగితే జవాబు మారిపోతుంది, ఆ సంగతి కూడా వ్యాసంలో రాయాలి.

చట్టం దగ్గర పిల్లలు తరచుగా తప్పు రాస్తారు, మాస్టార్లూ దిద్దరు. ‘2005 దాకా ఆడపిల్లకి ఆస్తిలో హక్కే లేదు’ అన్న వాక్యం ప్రతి కట్టలోనూ నాలుగైదు చోట్ల ఉంటుంది. అది తప్పు. తండ్రి స్వార్జితం మీద, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. లేనిది ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు. దాన్ని ఆంధ్రప్రదేశ్ తన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి ఇచ్చింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి మాత్రమే. ఒడిశా అలాంటి సవరణ చేయలేదు, ఇక్కడ అది 2005 సెప్టెంబర్ 9న అమల్లోకొచ్చిన కేంద్ర సవరణతోనే వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. అక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందే అంది.

మహేంద్రతనయ నదికి అటు ఆంధ్రలో పాతపట్నం, ఇటు ఒడిశాలో పర్లాకిమిడి. రెండు ఊళ్లవాళ్లూ వియ్యమందుకుంటారు. కాగితం మీద ఆ రెండింటి మధ్య ఇరవై ఏళ్ల తేడా ఉండిపోయింది. ఈ తేడా ఇళ్లలో కనిపించిందా? కనిపించకపోతే ఎందుకు? వాటా వద్దని రాసిచ్చే ‘హక్కు విడుదల’ సంతకాలు, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయం, ‘కట్నం ఇచ్చాం కదా’ అన్న మాట, ఇవన్నీ ఇక్కడే వస్తాయి. కట్నం 1961 నుంచి నేరం. నేరంగా ఇచ్చిన డబ్బు వాటాకి బదులుగా చెల్లుతుందన్న తర్కాన్ని విడదీసి చూపించే వ్యాసం ఒక్కటి వచ్చినా ఆ ఏడాది కోర్సు గిట్టినట్టే.

గుంపుల్లో పని చేయించేటప్పుడు ఒకటి చూసుకోవాలి. నలుగురు కూర్చుంటే రాసేది అమ్మాయే అవుతుంది, ‘చేతిరాత బాగుంటుంది’ కదా. లేచి చెప్పేది అబ్బాయి. జెండర్ గురించిన చర్చలోనే ఇలా జరుగుతుంది, ఎవరికీ తట్టదు. రాయడం, చెప్పడం, టైము చూడడం, ఎదురు ప్రశ్న వేయడం, ఈ నాలుగు పనులూ వారం వారం వంతులు మార్చాలి. వంతు చీటీ గోడ మీద ఉండాలి. నోటితో చెబితే మూడో వారానికి మళ్లీ మొదటికే వస్తుంది.

ఇళ్ల సంగతులు తరగతిలోకి లాగడం ఏమిటన్న అభ్యంతరం తల్లిదండ్రుల నుంచి తప్పకుండా వస్తుంది, అది ఉత్త చాదస్తం కూడా కాదు. తాగొచ్చి కొట్టే ఇల్లు ఉంటుంది, తల్లి లేని ఇల్లు ఉంటుంది, హాస్టల్ పిల్లలుంటారు. అందుకే రెండో కాగితం ఇంటిదే కావాలని పట్టుబట్టకూడదు. హాస్టల్ వంటగది, టీ దుకాణం, బస్టాండు టికెట్ కౌంటర్, ఏదైనా సరే. పేర్లు రాయకూడదు. పైకి చదవమని అడగకూడదు. కాగితంలో దెబ్బల మాట కనిపిస్తే అది రచనా తరగతి దిద్దే విషయం కాదు. ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు చేతిలో పెట్టాలి, ఆ కాగితానికి మార్కు వేయకూడదు.

మార్కుల పద్ధతి ముందే బోర్డు మీద రాయండి. 20కి చూస్తే గమనించి రాసినదానికి 8, ప్రశ్నకి 4, అవతలివాళ్ల వాదనని వాళ్లు ఒప్పుకునేలా చెప్పినందుకు 5, భాషకి 3. అభిప్రాయానికి సున్నా. ‘ఆడవాళ్లు ఇంట్లోనే ఉండాలి’ అని రాసిన అబ్బాయి, ఇల్లు ఎలా నడుస్తోందో నిజంగా చూసి రాసి ఉంటే, అవతలి వాదన సరిగా చెప్పి ఉంటే, 16 తెచ్చుకోవచ్చు. దీనికి కొందరు సహోద్యోగులు ఒప్పుకోరు. వాడి మనసు మార్చకపోతే పాఠమెందుకు అంటారు. మార్కులకి భయపడి మారిన మనసు పరీక్ష హాలు గుమ్మం దాటదు. 48 గడులు తన చేత్తో నింపినవాడికి కనీసం లెక్క తెలుస్తుంది.

దిద్దిన రోజే కాగితాలు వెనక్కి ఇచ్చేయాలి. ఫొటోలు తీసి కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. మార్చి 8 సభకి రెండు మంచి వ్యాసాలు చదివిద్దామని ప్రిన్సిపాల్ గారు అడుగుతారు. రాసిన పిల్ల సరేనన్నా చాలదు. ఆ కాగితంలో ఉన్న రోజు ఇంకొకరిది. ఆమెని అడిగి, ఆమె సరేనంటేనే.